రంగుల మేస్త్రి కామెర్లు

మా అన్నయ్య పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క ముట్టలేదు. ఈ మాట నేను ఇప్పటికి ఓ వందమందికి చెప్పి ఉంటాను. వందమందీ "అలాగా" అన్నారు. "అలాగా" అనే ఒక్క మాటలో ఎంత వెటకారం పడుతుందో అప్పుడే నాకు తెలిసొచ్చింది. కళ్ళు పచ్చబడ్డ మగవాడు ఎదురైతే చాలు, జనానికి వాడి చేతిలో సీసా కనబడుతుంది. డాక్టరు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు, వీధి చివర ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డవాడు కూడా రోగం పేరు చెప్పేస్తాడు.

రోగం పేరు అది కాదు. పైత్యనాళంలో కాన్సర్. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని పేగులోకి మోసుకెళ్ళే సన్నటి గొట్టం ఒకటుంటుంది. అందులో లేచిన గడ్డ. దాన్ని కోసి తీసే వీలు కొన్నాళ్ళే ఉంటుంది. ఆ కొన్నాళ్ళలో దొరికితే మనిషి దక్కవచ్చు, దాటితే కష్టం. ఆ కొన్నాళ్ళనీ మా ఇంటిల్లిపాదీ, మా ప్రెస్సంతా కలిసి ఎలా తగలేశామో చెప్తాను. నన్ను నేను కూడా వదలను లెండి.

అన్నయ్య ఆఫ్‌సెట్ అచ్చు మిషను మీద ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. అందరూ రంగుల మేస్త్రి అనేవాళ్ళు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా వాడిన పాపాన పోలేదు. రంగు చూడటంలో ఆయన కన్ను అలాంటిది. కస్టమరు ఏదో పాత డబ్బా మూత తెచ్చి "ఇదే ఎరుపు కావాలి" అంటే, మూత వంక ఓసారి చూసి, మూడు డబ్బాల్లోంచి కొంచెం కొంచెం రంగు తీసి, రాతిపలక మీద కలిపి, వేలి కొసతో తెల్ల కాగితం మీద తట్టి చూపించేవాడు. మూతకీ వేలిముద్రకీ తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. "మేస్త్రీ, నీ కన్నుండగా నాకు రంగులు కొలిచే మిషనెందుకయ్యా" అని ఓనరు భుజం తట్టేవాడు. పొగడ్తకి ఖర్చేముంది? ఆ మిషను కొనకుండా ఇరవై ఏళ్ళు నెట్టుకొచ్చాడు మహానుభావుడు. మావాడేమో ఆ తట్టిన భుజం నాలుగు రోజులు కడుక్కోకుండా తిరిగేవాడు.

మిషను గది నేల కింద ఉండేది. పద్నాలుగు మెట్లు దిగాలి. ఉన్న రెండు కిటికీలకీ అట్టలు పెట్టి టేపు వేసేశారు. గాలి తగిలితే కాగితం తేమ పీల్చి వంకర తిరుగుతుంది, రంగు మీద రంగు సరిగ్గా పడదు. ఫ్యాను పెడితే దుమ్ము లేస్తుంది. ఈ వేదాంతమంతా ఓనరుది కాదు, మా అన్నయ్యదే. పొట్టి ఒకసారి ఉక్క భరించలేక టేపు కాస్త పీకితే, అన్నయ్య వాణ్ణి పట్టుకుని వాయించేశాడు. పొట్టి అంటే ఆయన పక్కన పనిచేసేవాడు, ముప్పై ఆరేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పొట్టి కాదు కూడా. ఆరడుగులుంటాడు. ప్రెస్సు వాళ్ళ హాస్యం అలా ఏడుస్తుంది.

ఆ గదిలోనే వాష్ అనే రంగు కడిగే ద్రావకం డబ్బాలుండేవి. ఒక జాబు, అంటే ఒక ఆర్డరు, అయిపోయి ఇంకోదానికి రంగు మార్చాలంటే రోలర్లూ రబ్బరు షీటూ తుడవాలి. గుడ్డని వాష్‌లో ముంచి వట్టి చేతులతో తుడిచేవాళ్ళు. చిన్న చిన్న జాబులున్న రోజు ఇరవై సార్లు, ముప్పై సార్లు. ఒక్క తుడుపుతో రంగు మాయమయ్యేది. తియ్యటి వాసన, తల తిరిగేది. తల తిరిగితే పైకొచ్చి టీ తాగి మళ్ళీ దిగేవాళ్ళు. నేను పై అంతస్తులో బైండింగులో కాగితాలు మడతపెట్టేదాన్ని. మా ఆయన పోయాక అన్నయ్యే అక్కడ చేర్పించాడు. మెట్ల మీదుగా ఆ వాసన మాదాకా వచ్చేది. మేం ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకుని "అబ్బ, కిందవాళ్ళు ఎలా ఉంటారో" అని జాలిపడి, మళ్ళీ మడతలు వేసుకునేవాళ్ళం. జాలిపడటం మాకు బాగా వచ్చు.

మొదట వచ్చింది దురద. అరిచేతులు, అరికాళ్ళు, తర్వాత ఒళ్ళంతా. మచ్చ లేదు, పొక్కు లేదు, ఊరికే దురద. దువ్వెన పెట్టి వీపు గోక్కునేవాడు. రంగుల వల్లేమో అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడంటారు? వాష్ గుడ్డతో చేతులూ మెడా తుడుచుకునేవాడు. చల్లగా ఉంటుందట. ప్రెస్సువాడికి తప్ప ఇంకెవడికైనా తడుతుందా ఈ వైద్యం? వదిన సబ్బు మార్చింది, పక్క దుప్పట్లు ఉడకబెట్టింది. దురద మాత్రం ససేమిరా అంది.

తర్వాత మూత్రం రంగు మారింది. ఇది ఆయన ఎవ్వరికీ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఆస్పత్రి మంచం మీద నాకు చెప్పాడు, అదీ ఎలాగంటే, "నాలుగు పాళ్ళు పసుపు, రెండు పాళ్ళు ఎరుపు, చిటికెడు నలుపు వేస్తే అచ్చం అదే" అని. వింటున్నారా? పెద్దమనిషి తన మూత్రం రంగు ఎలా కలపాలో లెక్క తేల్చాడు గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని మాత్రం తోచలేదు. మలం సుద్దలా తెల్లబడింది. అదీ చూశాడు. అదీ చెప్పలేదు. నొప్పి లేదు కదా! నొప్పి లేని రోగం రోగమే కాదని మా వంశంలో ఓ నమ్మకం. బెల్టు రెండు బెజ్జాలు లోపలికి జరిగితే పొట్ట తగ్గిందని మురిసిపోయాడు. పెట్టిన కంచంలో సగం వదిలేస్తుంటే వదిన అలిగింది, వంట నచ్చడం లేదేమోనని.

కళ్ళు పచ్చబడ్డ సంగతి ఎవరు కనిపెట్టారో చెప్తే నవ్వుతారు. కస్టమరు.

కింద గదిలో లైట్లు పాతవి, వాటి వెలుగులో తెల్ల కాగితమే గోధుమ రంగులో కనబడేది. అందుకని ప్రూఫులు చూడటానికి ఓ మూల లైటు పెట్టె ఉండేది, లోపల పగటి వెలుగులాంటి దీపాలతో. రంగు సంగతి తేల్చాలంటే కాగితాన్ని అందులో పెట్టాలి. ఆ రోజు పసిపిల్లల పౌడరు డబ్బాల జాబు. అట్ట మీద బొద్దుగా ఓ పాప బొమ్మ. కస్టమరు ప్రూఫు చూసి, "పాప మొహం పచ్చగా వచ్చిందండీ, కామెర్ల పిల్లలా ఉంది" అన్నాడు. మా అన్నయ్యకి అంతకన్నా తిట్టు ఏముంటుంది? నేను మడతల నమూనా ఇవ్వడానికి అప్పుడే మెట్లు దిగాను.

"ఎక్కడండీ పచ్చ? సరిగ్గా చూడండి" అంటూ అన్నయ్య తల పెట్టెలోకి దూర్చి, పాప బుగ్గ మీద వేలు పెట్టి, కస్టమరు వైపు తిరిగాడు. ఆ వెలుగంతా మొహం మీద పడింది.

కస్టమరు పాపని చూశాడు. అన్నయ్యని చూశాడు. "పాప బానే ఉందండీ. మీరే..." అని ఆగిపోయాడు.

తెల్లగుడ్డు అనేదే లేదు. రెండు కళ్ళూ పసుపు రంగు ముంచి తీసినట్టున్నాయి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. ఇక్కడ తిరగబడింది. రోజూ పక్కనే ఉన్న ఏ ఒక్కరికీ ఆయన పచ్చగా కనబడలేదు. పొట్టికి కనబడలేదు, ఓనరుకి కనబడలేదు, ఇంట్లో వదినకి కనబడలేదు, తోడబుట్టిన నాకు కనబడలేదు. పొద్దున చీకటితో వెళ్ళి, ఆ గోధుమ రంగు లైట్ల కింద పనిచేసి, దీపాలు పెట్టాక ఇంటికొచ్చే మనిషి మొహాన్ని ఎవరు పరీక్షగా చూస్తారు? చూడాలి. చూడలేదు.

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి. ఆయన్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళి, చెవిలో అడిగాను. "అన్నయ్యా, నామీద ఒట్టేసి చెప్పు. తాగుతున్నావా?"

తోడబుట్టినదాన్ని. ఆ మనిషి తాగడని నాకు తెలియదూ? అయినా నా నోట్లోంచి ముందు ఊడిపడింది ఆ మాటే. అన్నయ్య నావైపు ఎలా చూశాడో నేను చెప్పను. చెప్పినా మీకు అర్థం కాదు.

ఆ సాయంత్రమే వదినా నేనూ ఆయన్ని సందు చివరి క్లినిక్కుకి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరు కుర్రవాడు, కానీ బుద్ధిమంతుడు. కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు, రక్తం తీయించాడు. మర్నాడు రిపోర్టు చూసి, "ఇది మామూలు కామెర్లలా లేదండీ. పైత్యరసం దారిలో ఎక్కడో అడ్డు పడుతోంది. రాయి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ వారంలోనే స్కాను చేయించండి, ఆలస్యం చేయొద్దు" అని చీటీ రాసి, 'వారంలోగా' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. అన్నయ్య ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పౌడరు డబ్బాలు లక్ష వెయ్యాలి. "ఈ జాబు అయ్యాక చేయించుకుంటాలే" అన్నాడు. సరే అన్నాం. పైగా బైండింగులో నా పక్కనావిడ చెప్పింది, ఫలానా చోట పసరు పోసే ఆయనున్నాడు, మూడు రోజుల్లో కామెర్లు దిగిపోతాయని. చెప్తే? నేనే దగ్గరుండి తీసుకెళ్ళాను. మూడు పొద్దులు పరగడుపున పసరు, నలభై రోజులు ఉప్పూ నూనే లేని తిండి. పసరాయన అన్నయ్య కన్ను కింది రెప్ప లాగి చూసి, "మానేస్తావా మరి?" అన్నాడు. "ఏం మానాలండీ?" అని అడిగాడు అన్నయ్య అమాయకంగా. పసరాయన నావైపు చూసి నవ్వాడు. నేను కూడా ఓ వెర్రి నవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అసలే ఆకలి లేని మనిషి. ఆ చప్పిడి తిండితో ఎముకలు తేలాడు. మేమేమో పథ్యం పనిచేస్తోందనుకున్నాం. "స్కాను ఎప్పుడు?" అని అడిగితే, "చీటీ ఎక్కడో పెట్టాను, వెతకాలి" అనేవాడు. సర్లే అనుకునేవాళ్ళం. చుట్టాలు వచ్చి, కుర్చీల్లో కూర్చుని, నీతులు చెప్పి వెళ్ళారు. వదిన వాళ్ళ పెద్దన్నయ్య, రోజూ సాయంత్రం అయ్యేసరికి సొంత కాళ్ళ మీద ఇంటికి చేరలేని మహారాజు, "బావా, ఆరోగ్యం ముఖ్యం, అలవాట్లు తగ్గించుకోవాలి" అన్నాడు. గురివింద గింజ తన నలుపెరగదంటారు. వదిన లోపలికి వెళ్ళి గిన్నెలు విసిరేసింది.

ఆరు వారాలు. ఆరు వారాలు అలా గడిచాక ఓ మధ్యాహ్నం మిషను పక్కనే చలితో వణుకుతూ కూలబడ్డాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పొట్టి భుజాన వేసుకుని మెట్లెక్కించాడు. పెద్దాస్పత్రికి తీసుకెళ్తే, పాత చీటీలు ఏమైనా ఉంటే తెమ్మన్నారు. నేను వెనక్కి పరిగెత్తి కింద గదిలో ఆయన బల్ల సొరుగు వెతికాను. దొరికింది. డాక్టరు రాసినవైపు బానే ఉంది, రెండు గీతలతో సహా. వెనక్కి తిప్పితే, వరసగా నాలుగు పసుపు వేలిముద్రలు. పౌడరు డబ్బాల పసుపు సరిచూడటానికి చేతికి తెల్ల కాగితం దొరక్క, దాని మీద తట్టి చూశాడు! పక్కన పెన్సిలుతో 'మూడోది కరెక్టు' అని రాసుకున్నాడు కూడా. ప్రాణం మీదికొచ్చిన చీటీ, మా వాడి కంటికి తెల్ల కాగితం ముక్క. ఆ సొరుగు ముందు నేలమీద కూర్చుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను, ఏడుస్తూనే.

పెద్దాస్పత్రిలో స్కాను అదే రోజు తీశారు. గొట్టం మూసుకుపోయి, వెనక నిలిచిన పైత్యానికి చీము పట్టిందట. నోట్లోంచి సన్నటి ట్యూబు పంపి, మూసుకుపోయిన చోట చిన్న గొట్టం పెట్టి దారి చేశారు. జ్వరం దిగింది, పసుపు కొంచెం కొంచెం తగ్గింది. అప్పుడు ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను చూసినవాళ్ళలో సూటిగా మాట్లాడింది ఆవిడొక్కతే.

"పైత్యం పేగులోకి వెళ్ళకపోతే మలం తెల్లబడుతుంది. రక్తంలోకి ఎక్కితే మూత్రం ముదురు రంగవుతుంది, కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళంతా దురద పుడుతుంది. ఇవన్నీ మీకు వచ్చాయి కదా?" అంది.

అన్నయ్య తల ఊపాడు.

"గొట్టంలో గడ్డ ఉంది. కాన్సరే. స్కానులో ఇంకెక్కడికీ పాకినట్టు కనబడటం లేదు. కోసి తీయడానికి ప్రయత్నిస్తాను. స్కానుకి అందని చిన్న చిన్నవి కొన్ని పొట్ట తెరిస్తేనే తెలుస్తాయి, అది కూడా చెప్తున్నాను."

తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. పచ్చి చేపలు తినే అలవాటుందా? కొన్ని చోట్ల వాటిలో ఉండే పురుగు ఈ గొట్టాల్లో చేరుతుందట. ఇంతకుముందు కాలేయంలో రాళ్ళున్నాయా? గొట్టాలు వాచే జబ్బేమైనా ఏళ్ళ తరబడి ఉందా? పుట్టుకతో తిత్తులున్నాయని ఎవరైనా చెప్పారా? కాలేయానికి పట్టే వైరస్‌లు? షుగరు? సిగరెట్లు? అన్నిటికీ లేదు, లేదు, లేదు. "చాలామందికి ఏ కారణమూ దొరకదు లెండి" అంటూ, "ఏం పని చేస్తారు?" అని అడిగింది.

ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. తాగుతావా అని అందరూ అడిగారు. ఏం చేస్తావని ఒక్కరూ అడగలేదు.

"రంగులు చూస్తానండి, ప్రెస్సులో" అన్నాడు మావాడు గొప్పగా, ఏదో ఏసీ గదిలో కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునేవాడిలాగా.

"వాష్ సంగతి చెప్పవేం?" అన్నాను నేను.

"నువ్వూరుకో."

"ఎందుకూరుకోవాలి? కిటికీలు మూసిన గదిలో ఇరవై రెండేళ్ళు ఏదో డబ్బాతో మిషను తుడుస్తున్నాడమ్మా, వట్టి చేతులతో. వాసన పైదాకా వస్తుంది."

డాక్టరమ్మ కలం ఆపింది. "ప్రెస్సుల్లో వాడే అలాంటి ద్రావకాలు కొన్నింటికీ ఈ కాన్సర్‌కీ సంబంధం ఉంది. గాలి ఆడని గదుల్లో ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి వచ్చింది. మీకు దానివల్లే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. ఆ డబ్బా మీద ఏం పేరుందో చెప్పగలరా? నాకు అవసరం. మీతోపాటు పనిచేసినవాళ్ళకి ఇంకా అవసరం."

"డబ్బా మీద పేరుండదండి" అన్నాడు అన్నయ్య.

అబద్ధం. ఎర్ర ఇంగ్లీషు అక్షరాల్లో, నాకు చదవడం రాదు గానీ, ఇంత పొడుగు పేరుంటుంది. డాక్టరమ్మ వెళ్ళగానే విరుచుకుపడ్డాను.

"ఏం, పేరు చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అన్నం పెట్టిన చెయ్యే. ప్రెస్సు మీదికి ఆఫీసర్లని తోలమంటావా? ముప్పైమంది బతుకుతున్నారు అక్కడ. నువ్వు కూడా."

"ఎవరు ఎవరికి పెట్టారన్నయ్యా అన్నం? నువ్వు ఇరవై రెండేళ్ళు మిషను తిప్పి ఆయనకి పెట్టావు."

"ముందు ఆపరేషను కానీ. తీసేశాక చూద్దాంలే."

మర్నాడు ఓనరు పళ్ళబుట్టతో వచ్చాడు. అన్నయ్య నిద్రపోతున్నాడనుకుని వసారాలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, అంటే లోపలికి వినబడేంతగా తగ్గించి, "ఇంట్లోవాళ్ళు బయటపడరు గానీ డాక్టరుగారూ, మనవాడికి కాస్త అలవాటుంది. నేనే ఎన్నోసార్లు మందలించాను" అన్నాడు. ఆవిడ "స్కానులో ఆయన కాలేయం చూశానండీ, తాగేవాడిది కాదని నాకు తెలుసు" అని వెళ్ళిపోయింది. నేను లోపల స్టూలు మీద ఉన్నాను. అన్నయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి. ఓనరు తలుపు దగ్గర నిలబడి "పాపం, మంచి పనివాడు" అని నిట్టూర్చి వెళ్ళాడు. పళ్ళబుట్టని పక్క మంచం వాళ్ళకిచ్చేశాను.

ఆపరేషను ఏడెనిమిది గంటలు పడుతుందన్నారు. వదినా నేనూ పొద్దున ఏడింటికి బయట బల్ల మీద కూర్చున్నాం. తొమ్మిది కాకముందే తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికొచ్చింది. "అప్పుడే అయిపోయిందా!" అని వదిన మొహం విప్పారింది. నా చెయ్యి పట్టుకుని నొక్కింది కూడా, సంతోషంతో. నేను మాత్రం గోడ గడియారం చూశాను. ఎనిమిది గంటల పని రెండు గంటల్లో అయిందంటే, పని కాలేదని. బైండింగులో పనిచేసినదాన్ని, ఆ మాత్రం తెలుసు.

పొట్ట లోపలి పొర మీద, కాలేయం మీద గింజల్లా పాకిందట. కోసి లాభం లేదని కుట్టేసింది. "రెండు నెలల కిందట వచ్చుంటే?" అని అడిగాను. "చెప్పలేను. అవకాశం ఎక్కువుండేది" అంది. ఆ చీటీ మీద రెండు గీతలు గీసిన కుర్ర డాక్టరు గుర్తొచ్చాడు.

ఇక చుట్టాలు సభ పెట్టారు. రోగికి నిజం చెప్పకూడదని ఏకగ్రీవ తీర్మానం. "గడ్డ తీసేశారు, ఇక మందులు వాడితే చాలు" అని చెప్పాలట. వదిన చెప్పింది, తల వంచుకుని. వాళ్ళ పెద్దన్నయ్య చెప్పాడు, నవ్వుతూ. అన్నయ్య అందరికీ తల ఊపాడు. వాళ్ళు కాఫీకని వెళ్ళాక నన్ను పిలిచాడు.

"తీసేశారా?"

నేను దుప్పటి సర్దాను.

"వాళ్ళు దొంగమొహాలు పెడుతున్నారు. నువ్వు చెప్పు. నువ్వైతే తిట్టుకుంటూనైనా నిజం చెప్తావు."

"తీయలేదన్నయ్యా" అన్నాను. "తీయలేకపోయారు. పాకింది." తిడదామనుకున్నాను. ఆ చీటీ గురించి, ఆ పసరు గురించి, ఆ మెట్ల దగ్గర నేనడిగిన మాట గురించి. ఒక్క తిట్టూ నోటికి రాలేదు.

అన్నయ్య చాలాసేపు గోడకేసి చూశాడు. ఆస్పత్రి గోడ, తెల్లటిది. "డాక్టరమ్మని రమ్మను. కలం తెచ్చుకోమను" అన్నాడు.

ఆవిడ వచ్చింది. అన్నయ్య ఆ డబ్బా మీది పేరు అక్షరం అక్షరం చెప్పాడు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదానితో సహా. ఇరవై రెండేళ్ళు రోజూ చూసిన పేరు. రోజుకెన్నిసార్లు తుడిచేవాళ్ళో చెప్పాడు. కిటికీల టేపు సంగతి చెప్పి, "అది వేయించింది నేనే" అన్నాడు. ఆవిడ రాసుకుని, "ఆ గదిలో ఇంకెవరెవరు పనిచేశారు?" అని అడిగింది.

"నేను చేరినప్పుడు ఆ మిషను నడిపినాయన నాకు పని నేర్పాడండి. నలభై తొమ్మిదికి పోయాడు." కాస్త ఆగాడు. "కామెర్లు. తాగి పోయాడన్నాం. నేనూ అన్నాను. ఆయన భార్య కాదు కాదని నెత్తీనోరూ కొట్టుకుంది, ఎవరం వినలేదు. తర్వాత ఇంకొకాయన ఆరేళ్ళు చేసి మానేశాడు, ఎక్కడున్నాడో తెలీదు. తర్వాత మేస్త్రిగా నేను. నాతోపాటు పన్నెండేళ్ళుగా పొట్టి."

డాక్టరమ్మ కలం మూత పెట్టలేదు. "ఆయనకి ఏమైనా ఇబ్బందులున్నాయా?"

"ఏమో. వాడు చెప్పడు. నేను చెప్పానా ఏం?"

"రక్త పరీక్ష, స్కాను వెంటనే చేయించాలి. ఇవాళ పంపగలరా?"

అన్నయ్య చెయ్యి చాపాడు. నేను పొట్టి నంబరు కలిపి ఫోను చేతికిచ్చాను. అవతల మిషను హోరు మంచం దాకా వినబడింది.

"అన్నా! నువ్వేనా? లేచావా? ఆపరేషను బాగా అయిందట కదా, ఓనరు చెప్పాడు!" పొట్టి అరుస్తున్నాడు, ఆ చప్పుడులో అరవక తప్పదు. "సాయంత్రం వస్తానన్నా. అట్టల జాబు మీదున్నాను. ఇంకో నాలుగు వేలున్నాయి."

"మిషను ఆపు."

"ఏంటన్నా? వినబడలేదు."

"ఆపరా. ఆపి, అలాగే బయటికొచ్చి, తిన్నగా ఇక్కడికి రా."

"జాబు మధ్యలోనా?" పొట్టి నవ్వాడు. "నువ్వేనా అన్నా మాట్లాడేది? మధ్యలో ఆపితే రంగు మారిపోతుందని నన్ను చావగొట్టింది నువ్వే కదా. ఓనరు ఊరుకుంటాడా?"

"మారితే మారనీ. తగలబడనీ." అన్నయ్య తల దిండు మీంచి లేచింది. కుట్లు లాగినట్టున్నాయి, మొహం వంకర పోయింది, గొంతు మాత్రం తగ్గించలేదు. "నాకు పొట్ట కోసి మళ్ళీ కుట్టేశారురా. గడ్డ తీయడానికి వీల్లేదట. ఆలస్యం చేశాను. నువ్వు చెయ్యకు. ఆపు!"

అవతల మిషను హోరు ఒక్కటే వినబడింది. తర్వాత అది సన్నబడి, ఖళ్ ఖళ్ మంటూ నెమ్మదించి, ఆగింది. ఇన్నేళ్ళలో జాబు మధ్యలో ఆ మిషను ఆగడం నేను వినలేదు.

అన్నయ్య వెనక్కి వాలి, ఫోను నా చేతిలో పెట్టాడు.

"వాడు మెట్లెక్కి బయటికొచ్చిందాకా పెట్టెయ్యకు" అన్నాడు.